నాయన దాచిన చివరి జోడీ

నాకు కరెంటు షాక్ కొట్టిందనీ, చెయ్యి కాలి మంచం పట్టాననీ మా బంధువుల గ్రూపుల్లో ఒక మాట తిరుగుతోంది. అందులో నిజం లేదు. ఇది రెండు చేతులతోనే టైపు చేస్తున్నాను. కడపలో ఉన్న మా అన్న మనవరాలి గిటారు ఆంప్లిఫయరులో వాల్వులు నేనే మారుస్తానని అన్నాను... అంతే. ఆ మాట కర్నూలు నుంచి కడప చేరేలోపు షాక్ అయి కూర్చుంది.

మా చిన్నప్పుడు ఆలూరులో నాయనకు మైకుసెట్ల అంగడి ఉండేది... పెళ్లికైనా జాతరకైనా మా పెట్టే పలకాలి. ఆంప్లిఫయరు మూత తీస్తే వెనకవైపు శబ్దాన్ని పెంచే రెండు పెద్ద గాజు వాల్వులు, బల్బుల్లాంటివి. మీట వేయగానే శబ్దం వచ్చేది కాదు. ముందు వాటిలో నిప్పుకణికల్లా ఎరుపు రావాలి... అవి వేడెక్కాలి... ఆ తరువాతే గొంతు.

ఒక దసరాకు నాయన మూత తీసి, పెట్టెను పరీక్షకు వెలిగించి, అలా వీధిలోకి వెళ్లాడు. ఆయుధపూజకని అంగట్లోని సామానుకంతా బొట్లు పెడుతున్న అమ్మ, వెలుగుతున్న వాల్వుకూ తడి గంధం అద్దింది. టప్పుమని గాజు చిట్లింది. ఆ సాయంత్రమే బజారులో హరికథ...

నాయన వచ్చి చూశాడు. "కాలే గాజుకు తడి గంధం పెడ్తివా?"

"దీపానికి బొట్టు పెట్టమా ఏంది? అదీ ఎలుగుతానే ఉండాది కదా" అంది అమ్మ.

నాయనకు కోపం బదులు నవ్వు వచ్చింది. పెట్టె ఆపి, చల్లారేదాకా, లోపల నిలిచిన కరెంటు దిగేదాకా ఆగి, కొత్త జోడీ తీసి నన్ను పిలిచాడు.

"నీ చెయ్యి సన్నం. గాజు పట్టుకోవద్దు, అడుగున నల్లకట్టు పట్టుకో. గాడిలో పడేదాకా మెల్లగా తిప్పు."

"పగిలింది ఒకటే కద నాయనా, రెండూ యాల మార్చేది?"

"పల్లకీ మోసేటోళ్లలో ఒగడు అలిసినోడు, ఒగడు కొత్తోడు అయితే దేవుడు యాపక్కకు ఒరుగుతాడు?"

ఆ సాయంత్రం హరికథ ఊరవతలి జొన్నచేల దాకా వినిపించింది. "సూసినావా, నా గంధం మహిమ" అని అమ్మ చాలాకాలం నాయనను ఏడిపించింది. కాలేజీ ఫిజిక్సులో వాల్వుల పాఠం వచ్చినప్పుడు నాకు ఆ గంధపు వాసనే గుర్తొచ్చింది...

అంగడి మూసేనాడు నాయన వాడని వాల్వుల జోడీ ఒకటి దూదిలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు మా పాప గిటారు పెట్టెకు కావలసినవి సరిగ్గా ఆ రకం వాల్వులే. "అవ్వా, నా పెట్టె పాడల్యా, దగ్గుతాండాది" అని ఫోనులో వాపోయింది. దాని తండ్రికి, అంటే మా అన్న కొడుక్కి, ఇది ఇష్టం లేదు.

"అత్తా, తాత గుర్తుగా మిగిలింది ఆ జోడీ ఒకటే. వాడితే అరిగిపోతాది. అద్దాల బీరువాలో పెట్టుకో. ఈ వయసులో నీకు కరెంటు పనులు యాల?"

"బీరువాలో పెట్టేటందుకైతే మీ తాత నాకు గాజుబొమ్మలు కొనిచ్చుండును కదప్పా" అన్నాను.

అన్నానే గాని, అరిగిపోతాయన్న మాట నిజమే. ఆ దూది విప్పి చూసుకున్నాను... మళ్లీ చుట్టాను... మళ్లీ విప్పాను.

ఇప్పటి స్పీకర్లు అరచేతిలో ఇముడుతున్నాయి, తాకగానే పలుకుతున్నాయి. పెట్టె వేడెక్కేదాకా జనమంతా చెవులు రిక్కించుకుని కూర్చునే ఆ కాస్త నిశ్శబ్దం మాత్రం ఎక్కడా లేదు... మీ ఊళ్లో మైకుసెట్టు ఎవరిదో గుర్తుందా? రాయండి, ఓపికగా చదువుతాను.

జోడీ వాడాలా దాచాలా అని నేను మాత్రం ఇంకెవరినీ అడగలేదు. కడప బస్సుకు టికెట్టు తీసుకున్నాను. చేతిసంచిలో కరెంటు దిగిందో లేదో చూసే మీటరు, దూదిలో జోడీ. రెండూ నేనే పెడతాను... అవి అరిగేదాకా ఆ పాప వాయించుకోనీ.