తక్కువే పెట్టానని చెప్పిన అబద్ధం

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, తాగుడు నుంచి, జబ్బుల నుంచి విడుదల పొందినవారి సాక్ష్యాలు ఈ పత్రికలో చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాడిని నేను, కానీ నాకున్న రోగం మనుషుల మెప్పు, దాని ఫలితం ఇంకొకరి ఒంటి మీద పడింది, రాయడానికే సిగ్గుగా ఉంది!

మేడ్చల్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గర్భసంచిలో గడ్డలున్న స్త్రీలకు పెద్ద కోత లేకుండా, రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డకు రక్తం అందకుండా చేసే చికిత్స మా గదిలో జరుగుతుంది, గొట్టం ఎటు పోతోందో డాక్టరమ్మ ఎక్స్‌రే తెర మీద చూస్తారు. కిరణాలు తగ్గిస్తే బొమ్మ కాస్త మసకబారుతుంది, మేడమ్ ఎక్కడ విసుక్కుంటారోనని నేను ఎప్పుడూ ఎక్కువే పెట్టేవాడిని, బొమ్మ బాగుందని ఆమె అంటే పొంగిపోయేవాడిని. ఆదివారం మాత్రం శామీర్‌పేటలో సంఘం పిల్లలకు పొరుగువారిని ప్రేమించమని పాఠం చెప్పేవాడిని!

ఒకరోజు బౌరంపేట్ నుంచి కూలిపని చేసుకునే ఒక అక్క వచ్చింది. బల్ల మీద పడుకుని నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, గీ ఎక్స్‌రేతోని నాకేం గాదు గదా?"

"ఏం గాదక్కా, తక్కువే పెట్టిన" అన్నాను, ఏమీ తగ్గించకుండానే.

కొన్ని నెలలకు అదే చికిత్సకు అదే బల్ల మీద మా చెల్లెలు పడుకుంది. సహోదరులారా, ఎవరూ చెప్పకుండానే నా చేతులకు అన్నీ గుర్తొచ్చాయి! సెకనుకు తీసే బొమ్మలు తగ్గించాను, కిరణాలు గడ్డ ఉన్నంత మేరకే పడేలా అంచులు మూశాను, పైనున్న, బొమ్మను పట్టే పలకను ఒంటికి దగ్గరగా దించాను. చికిత్స చక్కగా అయిపోయింది. మొత్తం ఎన్ని కిరణాలు పడ్డాయో చివర్లో యంత్రం చూపించిన అంకె చూసి మేడమ్ ఆశ్చర్యపోయారు.

"ఇంత తక్కువతో అయిపోయిందా! మరి ఇన్నాళ్లూ ఇలా ఎందుకు పెట్టలేదయ్యా?"

బట్టలు మార్చుకునే గదిలో, ఒంటి మీద కిరణాలను ఆపే సీసపు బరువు కోటు కూడా తీయకుండా మోకరించాను. "ప్రభువా, నన్ను నేను సీసంతో కప్పుకున్నాను, ఆ అక్కను ఒట్టి అబద్ధంతో కప్పాను, నన్ను క్షమించు, నిజం చెప్పే ధైర్యమియ్యి" అని ఏడ్చాను.

ఆ ధైర్యం దేవుడే ఇచ్చాడు. మేడమ్‌కు అంతా ఒప్పుకున్నాను, గట్టిగా తిట్టారు, ఆ రోజు నుంచి ప్రతి చికిత్స తక్కువతోనే మొదలుపెట్టి అవసరమైతేనే పెంచాలని నియమం పెట్టారు. తర్వాత ఆ అక్క స్కానింగ్‌కు వస్తే ఆమెకూ చెప్పాను. హాని కనబడలేదని, కానీ ఆ రోజు యంత్రం చూపిన అంకె ప్రకారం అవసరం లేనంత ఆమె మీద పడనిచ్చానని చెప్పాను.

"పండుకున్న మనిషిని, నీ మాటే నమ్మిన గద తమ్మీ. అబద్ధమెందుకు జెప్పినవ్?"

తల ఎత్తలేకపోయాను. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"మా చెల్లెకు గూడ గిదే గడ్డ. ఈడికే తోలుకొస్త. గా అంకె నాకు సూపియ్యాలె."

తీసుకొచ్చింది! చూపించాను! నా చెల్లెలికి పడినంతే ఆమె చెల్లెలికీ పడింది. దేవునికే మహిమ! సిగ్గుతో దాక్కున్నవారెవరైనా ఇది చదువుతుంటే, ఆయన దగ్గరికి రండి. ఆయన నా తప్పును కప్పిపెట్టలేదు, నేను మోసం చేసిన మనిషి ముందే నన్ను నిలబెట్టి విడిపించాడు.