బ్యాటరీకి పెట్టిన బొట్టు

డార్మ్‌స్టాట్‌లో మేముండే ఇంటికి చిన్న బాల్కనీ ఉంది. కొన్నేళ్ళపాటు ఇంట్లో కంటే ఆ బాల్కనీలోనే ఎక్కువ బతికాను. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు సరుకుల గోదాంలో షిఫ్టు దిగి, రైలెక్కి ఇంటికి చేరేసరికి కాళ్ళు నావి కానట్టుండేవి. షూస్ విప్పి, జాకెట్ విప్పకుండానే బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్ వెలిగించేవాణ్ణి. లోపలికి రాగానే మా పాప ముక్కు మూసుకుని, "పాపా, డు ష్టింక్‌స్ట్" అనేది. నాన్నా, కంపు కొడుతున్నావని. మేం తెలుగులో ఏది అడిగినా అది జర్మన్‌లోనే జవాబు చెప్పేది. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చినా పక్కన కూర్చునేదే కానీ ఒళ్ళోకి వచ్చేది కాదు.

మా ఆవిడ నాకు మేనత్త కూతురు. ఇంజనీరింగ్ చదివి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐటీ ఉద్యోగం సంపాదించి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ముందు తనే ఇక్కడికొచ్చింది. తన వెనక నేను వచ్చాను. నేను డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణి. నాకు తెలిసిందంతా కరీంనగర్‌లో గ్రంథాలయం బల్లల మీద కూర్చుని తెలుసుకున్నదే. ఇక్కడికొచ్చాక కూడా నేను మొదట చేయించుకున్న కార్డు లైబ్రరీదే. అప్పట్లో నా జర్మన్ పెద్దవాళ్ళ పుస్తకాలకు సరిపోయేది కాదు. అందుకని పిల్లల విభాగంలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీల్లో కూర్చుని చదివేవాణ్ణి. అగ్నిపర్వతాలు, రోమన్ల రోడ్లు, తేనెటీగలు, అన్నీ అలా తెలుసుకున్నవే. చిన్నతనం అనిపించలేదు. లోలోపల గర్వంగానే ఉండేది.

సిగరెట్ మానడానికి అంతకుముందు చేతికి అతికించుకునే పట్టీలు వాడాను, నమిలే బిళ్ళలు నమిలాను. ఏదీ నిలవలేదు. చివరికి వేపింగ్‌కి, అంటే బ్యాటరీతో ఆవిరి పీల్చే సిగరెట్‌కి, మారతానని చెప్పినప్పుడు మా ఆవిడ కూరగాయలు తరుగుతూ కత్తి కూడా ఆపలేదు.

"ఈసారి నమ్ముతున్న బావా. ఇదే లాస్ట్. మళ్ళా నమ్మమని నన్ను అడగకు," అంది.

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. అదే నన్ను భయపెట్టింది. ఈసారి తప్పితే మా మధ్య గొడవ కూడా ఉండదని, నేను బాల్కనీలో ఉంటే తను లోపల ఉంటుందని, అంతటితో సరిపెట్టుకుంటుందని అర్థమైంది.

సరే, కొనేదేదో తెలుసుకుని కొనాలనుకున్నాను. ఇంటద్దె, పాప ఖర్చులు పోగా నా చేతిలో మిగిలేది కొంచెమే. రంగురంగుల తెరలున్న పెద్ద పరికరాలు నాకు కాదు. వాడి పారేసేవి మొదట చవకే, నెల తిరిగేసరికి సిగరెట్ల ఖర్చుకు తక్కువేం కావు. ఇంటర్నెట్‌లో పేరూ ఊరూ లేని చవక బ్యాటరీలు బోలెడు. లోపల షార్ట్ అయితే ఆగిపోయే ఏర్పాటు, ఛార్జింగ్ నిండాక ఆగే ఏర్పాటు ఉన్నాయో లేవో చెప్పని వస్తువును జేబులో పెట్టుకుని తిరిగే ధైర్యం నాకు లేదు. పాతవి అమ్మేవాళ్ళ దగ్గర కూడా బ్యాటరీ కొనకూడదనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, పెన్ను లాంటి బ్యాటరీ, దాని మీద బిగించే లిక్విడ్ ట్యాంకు, ట్యాంకులో లిక్విడ్‌ను వేడిచేసే కాయిల్, బ్యాటరీ అడుగున తిప్పే చిన్న చక్రం, ఆ చక్రంతో వోల్టేజ్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఒక షిఫ్టుకు సరిపడా ఛార్జ్ నిలిస్తే చాలు.

వోల్టేజ్ ఎందుకు మార్చుకోవాలో పిల్లల విభాగంలోని కరెంటు పుస్తకం చెప్పింది. అందులో నీళ్ళ ట్యాంకు బొమ్మ ఉంటుంది. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నీళ్ళు అంత జోరుగా వస్తాయి, వోల్టేజ్ అంటే ఆ ఎత్తు. గొట్టం ఎంత సన్నమైతే నీళ్ళకు అంత అడ్డు, రెసిస్టెన్స్ అంటే అది. ఆ రోజు అన్నం తింటూ మా ఆవిడకు చెప్పాను.

"వోల్టేజ్‌ని దానితోనే గుణించి, కాయిల్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే ఎంత వేడి పుడుతుందో తెలుస్తది."

"బావా, నేను ఇంజనీరింగ్ చేసిన."

"అయినా విను. వోల్టేజ్ కొంచెం పెంచితే వేడి చాలా పెరుగుతది. అందుకే కిందినుంచి మొదలుపెట్టాలె."

"మంచిది. పప్పు వేసుకో, చల్లారుతుంది."

గురువారం సాయంత్రం స్టేషన్ దగ్గరి దుకాణంలో కొన్నాను. అక్కడుండే ఆమె నడివయసు జర్మన్ మనిషి, ఓపిక ఎక్కువ. చక్రం ఎటు తిప్పితే తగ్గుతుందో చూపించింది. లిక్విడ్ పోశాక కాయిల్‌లోని దూది తడిసేదాకా కాసేపు ఆగమంది. ఫోన్‌కు వాడే ఫాస్ట్ ఛార్జర్ వద్దంది. ఇంకో కాయిల్ కూడా తీసుకెళ్ళండి, అది అరిగిపోయే వస్తువు అంది. పెట్టెలో ఒకటుంది కదా, చాలన్నాను. బేరం ఆడటానికి వీల్లేని దేశంలో అలా అయినా కొంత మిగిల్చాననిపించింది. సగం మిగిలిన సిగరెట్ ప్యాకెట్‌ను బయట చెత్తడబ్బాలో పడేసి ఇంటికెళ్ళాను.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దేవుడి దగ్గర పెట్టాల్సిందే. ఊళ్ళో స్కూటర్‌కు, మిక్సీకి పెట్టినట్టే ఇక్కడ వాషింగ్ మెషీన్‌కు పెట్టాం, పాప సైకిల్‌కు పెట్టాం. శుక్రవారం పొద్దున్న నేను లేచేసరికి మా ఆవిడ ఆఫీసుకు వెళ్ళిపోయింది. వంటింటి అల్మారా పైఅరలో, దేవుడి పటం ముందు, నా బ్యాటరీ నిలబెట్టి ఉంది. ట్యాంకు ఇంకా బిగించలేదు కాబట్టి పైన గుండ్రటి మూతి తెరుచుకుని ఉంది. ఆ మూతి అంచున తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

 సిగరెట్ మానమని తను నన్ను బతిమాలడం మానేసి చాలా కాలమైంది. దేవుణ్ణి మాత్రం ఇంకా అడుగుతోందన్నమాట. బొట్టును బొటనవేలితో తుడిచి, కళ్ళకద్దుకుని, ట్యాంకులో లిక్విడ్ పోసి బిగించి, షిఫ్టుకు బయల్దేరాను.

విరామంలో గోదాం వెనకకు వెళ్ళి బటన్ నొక్కాను. లైటు గబగబా మిణుకుమని ఆరిపోయింది. పొగ లేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. నాతో పనిచేసే భీమవరం ఆయన ఒకాయన సిగరెట్ తాగుతూ చూస్తున్నాడు. నేను పుస్తకాలు చదువుతానని నన్ను గురువుగారూ అంటాడు.

"ఏంటి గురువుగారూ, సన్నాయి పలకట్లేదా?"

"వోల్టేజ్ చాలట్లేదనుకుంటానండీ."

"అయితే కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యండి."

చక్రం కొంచెం తిప్పాను. మిణుకుమంది. ఇంకొంచెం తిప్పాను. చివరిదాకా తిప్పేశాను. ఆయన నవ్వుతూ ప్యాకెట్ చాపాడు.

"ఒక్కటి లాగండి. రేపట్నుంచి మానేద్దురు గానీ."

ఒక సిగరెట్ తీశాను కూడా. వేళ్ళ మధ్య దాని బరువు నాకు ఎంత అలవాటో. బొట్టు తుడిచిన బొటనవేలు ఇంకా పచ్చగానే ఉంది. తిరిగి ప్యాకెట్లో దూర్చేశాను. "మీ ఇష్టం. నాకొకటి మిగిలింది," అన్నాడాయన. మిగతా షిఫ్టంతా యాలకులు నములుతూ, పెట్టెలు ఎత్తుతూ, ఎవరు పిలిచినా విసుక్కుంటూ గడిపాను.

శనివారం ఆ దుకాణానికి వెళ్ళి చూపించి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నేను లైబ్రరీకి వెళ్ళాను. నా అలవాటు అది. చెడిపోయినదాన్ని చూసేముందు దాని గురించి చదవాలి. కరెంటు పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదివాను. తర్వాత పెద్దవాళ్ళ విభాగంలోంచి బ్యాటరీల మీద లావుపాటి పుస్తకం తీసి, ఫోన్‌లో ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ కూర్చున్నాను. తల నొప్పి, నోరు పిడచ. అక్షరాలు అతుక్కుపోతున్నాయి. కాయిల్ రెసిస్టెన్స్ ఎక్కువైందని ఒకసారి, బ్యాటరీలోనే లోపమని ఇంకోసారి రుజువు చేసుకున్నాను. రెండూ నమ్మదగ్గట్టే ఉన్నాయి. బయటికొచ్చేసరికి దుకాణం మూసేశారు. మరుసటి రోజు ఆదివారం. ఈ దేశంలో ఆదివారం నాడు సూది కూడా దొరకదు.

"పనిచేస్తున్నదా?" అని ఆ సాయంత్రం మా ఆవిడ అడిగింది.

"చిన్న సమస్య. చదువుతున్న," అన్నాను.

 తను నా జాకెట్ తగిలించబోతూ ఒక క్షణం ఆగింది. వాసన చూసిందేమో.

ఆదివారం పొద్దున్న ఎండ బాగా వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని ఊరికే ట్యాంకు విప్పాను. మూతి లోపల, మర చుట్ల సందుల్లో, మధ్యనుండే చిన్న ఇత్తడి మొన చుట్టూ, గట్టిపడిన పసుపు. కరెంటు అందాల్సిన చోట పచ్చటి పొర కట్టి ఉంది. పైన కనిపించిన బొట్టునే తుడిచాను కానీ లోపలికి జారిందాన్ని చూడలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దూది పుల్ల మీద స్పిరిట్ వేసి శుభ్రం చేయడం మొదలుపెట్టాను. తనకు తెలియకుండా కానిచ్చేద్దామనుకున్నాను. దేవుడి దగ్గర పెట్టిన బొట్టే అడ్డుపడిందని తనతో ఎలా చెప్పడం?

వెనక నుంచి మా ఆవిడ వచ్చి దూది పుల్ల చూసింది. పచ్చగా, కొంచెం ఎర్రగా ఉంది.

"నేను పెట్టిన పసుపా?"

దూది పుల్లను గుప్పిట్లో దాచబోయాను.

"ఎందుకు చెప్పలే బావా?"

"నాకే ఇప్పుడు తెలిసింది. తెలిసినంక నీ బొట్టు వల్ల అని ఎట్ల చెప్పాలె?"

"బొట్టు వల్లనా? నిన్నంతా పుస్తకాలు తిరగేసినవ్ కదా, ఒక్కసారి ట్యాంకు విప్పి చూస్తే ఏమైతుండె?" అంది. తర్వాత తనే నవ్వింది. "ఈసారి అది వచ్చిన డబ్బాకు పెడత లే."

మొన ఆరేదాకా ఆగి, ట్యాంకు బిగించి, బటన్ నొక్కాను. లైటు నిలకడగా వెలిగింది. బాల్కనీలోకి పరుగెత్తాను. రెండు రోజుల ఆకలితో ఒకదాని మీద ఒకటి, ఆగకుండా పీల్చాను. శుక్రవారం చక్రాన్ని చివరిదాకా తిప్పినవాణ్ణి నేనేనని గుర్తే లేదు. నాలుగో ఐదో దమ్ముకు గొంతులో కాగితం కాలిన రుచి. దగ్గు ఆగలేదు. చక్రం తగ్గించి మళ్ళీ చూశాను, అదే మాడు రుచి. దూది కాలిపోయింది. ఒకసారి మాడిన కాయిల్ ఇంక బాగుపడదు. ఇంకో కాయిల్ లేదు. కిందినుంచి మొదలుపెట్టాలని అన్నం దగ్గర పాఠం చెప్పింది నేనే.

మధ్యాహ్నం ముగ్గురం బయటికి నడిచాం. ఇంట్లో ఉంటే పిచ్చెక్కిపోయేలా ఉన్నానని మా ఆవిడే బయల్దేరదీసింది. పాప సైకిల్ మీద ముందు పోతోంది. మా వీధి మలుపులో గోడకు సిగరెట్ల మెషీన్ ఉంటుంది. ఆదివారం, పండగ, వాన, దానికేం పట్టదు. వయసు తెలియడానికీ డబ్బు కట్టడానికీ బ్యాంకు కార్డు పెడితే చాలు, ప్యాకెట్ కింద పడుతుంది. అది దగ్గర పడుతున్నకొద్దీ నా నడక నెమ్మదించింది. తను కూడా నెమ్మదించింది. జేబులో కార్డు అంచును వేలు తడుముతోందని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఇంటికెళ్ళిపోయినా, సాయంత్రం చెత్త పడేసి వస్తానని చెప్పి ఒక్కణ్ణే ఇక్కడికొస్తాను. అదీ తెలుసు.

కార్డు తీసి తనకిచ్చాను.

"ఇది నీ దగ్గర పెట్టుకో."

"ఎందుకు?"

"రేపు దుకాణం తెరిచేదాక."

తను కార్డు వైపు, మెషీన్ వైపు చూసింది. "నమ్మమని మళ్ళా అడగొద్దన్న కదా బావా."

"నమ్మమని అడుగుతలేను. పెట్టుకొమ్మంటున్న, అంతే."

తను కార్డు తీసుకుని బ్యాగులో వేసి జిప్పు లాగింది. మెషీన్ దాటి నడిచాం. నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. తల నొప్పి అలాగే ఉంది, కాళ్ళు బరువుగా ఉన్నాయి, సోమవారం మళ్ళీ షిఫ్టు ఉంది. ముందు పాప సైకిల్ ఆపి, "కొమ్ట్ ఈయర్ ఎండ్‌లిష్?" అని అరిచింది. వస్తున్నారా లేదా అని. వస్తున్నామని తెలుగులో ఇద్దరం ఒకేసారి అరిచాం.

సోమవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్ళబోతూ, గుమ్మంలో షూస్ వేసుకుంటూ, తను బ్యాగు జిప్పు తీసి కార్డు నా చేతిలో పెట్టింది.

"కాయిల్స్ రెండు తెచ్చుకో బావా," అంది.