కత్తి పట్టిన పిల్లా, మా అమ్మా

నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి కనబడితే మంచమెక్కుతాను, కుక్క మొరిగితే సందు మార్చుకుంటాను. అలాంటి నేను, మా ఆయన మిర్యాలగూడ రైసుమిల్లు పనికి బస్సెక్కగానే ల్యాప్‌టాప్ తెరిచి, నడుముకు కత్తి కట్టుకుని అడవుల్లో తిరిగేదాన్ని.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు దాన్ని. మనమే ఒక మనిషిని తయారుచేసి, ఆమె పేరూ జుట్టూ బుద్ధీ అన్నీ మనమే పెట్టి, ఆమెగా ఆ లోకంలో బతకాలి. నా మనిషి ఒంటరి ఆడపిల్ల. ఏ గుహలోకైనా తలవంచుకుని దూరిపోతుంది. అయితే నాకు నచ్చింది ఆమె కత్తి కాదు. గుహ ముందు నిలబడి ఆటను సేవ్ చేసుకోవచ్చు. లోపల చచ్చిపోయినా మళ్లీ ఆ గుమ్మం దగ్గరే లేస్తుంది. భయం ఉంటుంది గానీ నష్టం ఉండదు. అలాంటి భయమైతే ఎంతైనా పడొచ్చు.

మా అమ్మకు రొమ్ములో గడ్డ ఉందని తెలిశాక పడిన భయం అలాంటిది కాదు. సూర్యాపేట దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చేదాకా అమ్మను తన ఊరు చిలుకూరు పంపకుండా కోదాడలో నా దగ్గరే ఉంచుకున్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఇద్దరం స్క్రీన్ చూడటం మొదలుపెట్టాం.

అమ్మకు మొదట్లో చిరాకు. "గీ పిల్లకు అమ్మా నాయిన లేరా? ఒక్కతే గట్ల తిరుగుతది?" అనేది. తర్వాత తర్వాత "దానికి అన్నం పెట్టినవా?" అని కసిరేది. వెనక నుంచి శత్రువు వస్తే నా భుజం మీద కొట్టేది. రిపోర్టు మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఫోన్ మోగితే చాలు, నా గుండె గుభేలుమనేది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి చేసినా అంతే.

ఆ రోజు ఆటలో, ఒక ఊళ్లో ముసలామెకు జ్వరం. పొద్దుగూకేలోపు గుట్టవతల నుంచి మందాకు తేవాలి. నా పిల్ల గడప దాటుతుండగా నాకు తుమ్మొచ్చింది.

"ఆగు!" అంది అమ్మ. "ఒంటితుమ్ము. కూసోబెట్టు దాన్ని. జరసేపాగి మంచినీళ్లు తాగి పోతది."

"ఇది ఆట అమ్మా."

"ఆటైతే ఏంది? పయనం పయనమే."

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, చెడగొట్టుకోవాలనిపించలేదు. పిల్లను అరుగు మీద కూర్చోబెట్టాను. కూర్చోవడానికి కూడా అందులో ఒక బటన్ ఉంది. అమ్మ టీ పెట్టింది. తాగుతూ చిలుకూరు కబుర్లు చెప్పుకున్నాం. ఆటలో పొద్దు మన పొద్దుకన్నా తొందరగా వాలుతుందన్న సంగతి మరిచిపోయాను.

మందాకు తెచ్చేసరికి ముసలామె ఇంటి ముందు జనం. లోపల ఆమె మీద తెల్లబట్ట కప్పి ఉంది.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "మనం కూసున్నందుకేనా?"

"అంతేనమ్మా. ఆలస్యమైంది," అన్నాను తేలిగ్గా.

అమ్మ పైట సర్దుకుంది. తర్వాత స్క్రీన్ వైపే చూస్తూ చెప్పింది.

"నీకు చెప్పిననాడు దొరికింది కాదు బిడ్డా నాకు గడ్డ. అప్పటికే శాన్నాళ్లయింది. దవాఖానకు పోదామనేసరికి మూఢం వచ్చింది. మంచిరోజులు లేవు, కొత్తగా మందు మొదలుపెట్టొద్దన్నరు. అది పోయినంక ఆషాఢం పడ్డది. నొప్పి లేదు గద అని నేను గూడ ఊకున్న."

తిట్టాలనుకున్నాను. ఆ గడ్డ ఎన్నాళ్లుగా పెరుగుతోందో లెక్క వేయబోయి, మధ్యలోనే ఆపేశాను.

"ఆ ముసలామెను మళ్ల బతికించరాదా?" అంది అమ్మ.

"బతికించొచ్చు. ఆటల ఎనుకకు పోవచ్చు."

ఆటను వెనక్కి తిప్పుతుండగా ఫోన్ మోగింది. దవాఖాన నుంచి. రిపోర్టు వచ్చిందట. డాక్టరుగారు ఇవాళే రమ్మన్నారట, వెంట ఇంట్లోవాళ్లెవరైనా ఉండాలట. అందులో ఏముందని అడిగితే, "సారే చెప్తరు మేడమ్," అని పెట్టేసింది నర్సు. మంచి కబురు చెప్పడానికి తోడు మనిషిని ఎవరు తెమ్మంటారు?

అమ్మకు చెప్పాను. ఆమె లేచి మొహం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"అమ్మా, ఇయ్యాల మంగళవారం," అన్నాను. "రేపు పొద్దున పోదామా?"

ఎన్నడూ వారం, వర్జ్యం చూడనిదాన్ని. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

అమ్మ నన్ను తేరిపార చూసింది. "భయమైతుందా?"

"అయితుంది."

"నాకు గూడ అయితుంది," అంది. గుమ్మం దగ్గరికి వెళ్లి, నా చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది.

"తొడుక్కో. ఇగ ఆగొద్దు."