డాక్టరమ్మ తిడితే బతికినట్టే

మొన్న పొద్దున మా ఆయన డర్బన్‌లోని మొబేని పేటలో ఫ్యాక్టరీకి బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది. మా డాక్టరమ్మ పోయిందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. అయ్యో, ఇక నన్ను తిట్టేదెవరు?

ఆవిడ పసిపిల్లల డాక్టరు. చెరకు తోటల ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగావిడ, ముత్తాత ఎప్పుడో ఓడెక్కి వచ్చాడట. ఇంట్లో తెలుగు ఏనాడో ఇంగ్లీషైపోయింది. ఆవిడకి మిగిలినవల్లా నాలుగు ముక్కల తెలుగు, వరసలు, వంటల పేర్లు, దేవుడి మాటలు, వాళ్ల నాయనమ్మ తిట్లు. తిట్లు మాత్రం ఒక్కటీ పోగొట్టుకోలేదు మహాతల్లి.

తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది మేం డర్బన్ వచ్చాం. వచ్చిన కొన్నాళ్లకే ఏడో నెలలో నాకు ఆడపిల్ల పుట్టింది. మెదడులో కాస్త రక్తం చిమ్మిందన్నారు. మెదడు లోపల నీళ్లుండే చిన్న గదులుంటాయట. రక్తం అడ్డుపడితే నీళ్లకి దారిలేక ఆ గదులు ఉబ్బుతాయట. మరీ ఉబ్బితే మెదడు నలిగిపోతుంది, తలకి చిల్లు పెట్టి గొట్టం వేయాలి. అందుకని వారం వారం అల్ట్రాసౌండ్ చేసి ఆ గదుల్ని కొలుస్తారు. పసిపిల్లల మాడు మెత్తగా ఉంటుంది కదా, మిషను అక్కణ్ణుంచే లోపలికి చూస్తుంది.

మాడు ఎండితే మన ఆడవాళ్లం ఊరుకుంటామా? పిల్లని ఇంటికి తెచ్చుకున్నాక మొదటిసారి స్కానుకి వెళ్తూ, మా అమ్మ పంపిన ఆముదం మాడు మీద ఓడేలా పట్టించి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చూసి ఆగిపోయింది.

"హౌ!" అంది ఇక్కడి జులూవాళ్లలా. "ఏమే పిచ్చిమొద్దా, ఇంత నూనె పోసినావు? నా మిషన్‌లో బజ్జీ వేసేదా?"

తిడుతూనే దూదితో తుడిచింది. అందరికీ ఒకే వార్డు అయిన కొత్త రోజులవి. పక్కన బిడ్డతో కూర్చున్న జులూ తల్లి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పకపకా నవ్వింది. తెర మీద రెండు నల్లటి చీలికలు కనబడ్డాయి. డాక్టరమ్మ వాటిని కొలిచి, "పెరగలే. పో, అన్నం తిను, ఎముకలపోగు!" అంది.

అలా నాకో గుర్తు కుదిరింది. ఆవిడ తిడితే పిల్ల క్షేమం. మళ్లీ తిట్టేదాకా ముద్ద దిగేది కాదు. మాడు మీద వేలు పెట్టాలంటే భయం, పెట్టకుండా ఉండాలన్నా భయమే. పొంగిందా? నిన్నటికంటే బిగిసిందా? పిల్ల కాస్త పాలు కక్కితే నా పైప్రాణాలు పైనే పోయేవి.

ఒక వారం ఆవిడ తిట్టలేదు. తిప్పి తిప్పి చూసి, మిషను ఆపి, చేతులు కడుక్కొచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. "మిసెస్, ప్లీజ్, కాస్త కూర్చోండి" అంది చక్కటి ఇంగ్లీషులో. గదులు పెరిగాయట. ఇంకో వారం చూసి, ఇంకా పెరిగితే ఆపరేషనేనని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాద పగవాళ్లకి కూడా వద్దు.

"డాక్టరమ్మా, ఒక్క తిట్టు తిట్టండి" అని ఏడ్చాను.

నా చెయ్యి పట్టుకుంది. "అబద్ధం తిట్టు నాకు రాదు, పిల్లా" అంది.

ఆ వారం ఎలా గడిచిందో నన్నడక్కండి. మళ్లీ వెళ్లినప్పుడు నేను తెర వంక చూడలేదు, ఆవిడ నోటివంకే చూస్తూ కూర్చున్నాను. కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఊపిరి తియ్యి, వెర్రిమొహమా! ఇక్కడ చస్తే నిన్ను ఎవడు మోసేది?"

గదులు ఉబ్బడం ఆగింది. కాళ్ల మీద పడబోతే ఇంకో రెండు తిట్లు పడ్డాయి. ఈ జన్మలో ఆవిడ రుణం తీర్చుకోలేను.

ఏ తల్లైనా మాడు గట్టిపడాలనే కోరుకుంటుంది. నేను మాత్రం అది గట్టిపడుతుంటే వణికిపోయాను. మూసుకుపోతే మిషను ఎలా చూస్తుంది? అడిగితే, "ఇక చూసేది లేదు. పో, నీ నూనె పెట్టుకో" అంది. నా మొహం చూసి జాలిపడిందేమో, ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా పిల్ల తల చుట్టూ టేపు చుట్టి కొలిచేది. పిల్లల్ని కొలవకూడదంటారు మనవాళ్లు. అననీ, నాకు దాంతోనే ధైర్యం. ఇప్పుడు మూడేళ్లొచ్చిన మా పిల్ల ఆవిడ కనబడితే చాలు, చెప్పకుండానే తల వంచేది.

నిన్న వాళ్లింటి హాల్లో, ఇక్కడి పద్ధతిలో, ఆవిడని పడుకోబెట్టిన పెట్టె తెరిచి ఉంచారు. పువ్వు వేయించడానికి పిల్లని ఎత్తుకున్నాను. డాక్టరమ్మ చేతులు రెండూ గుండెల మీద కలిపి ఉన్నాయి. పిల్ల పువ్వు వేయలేదు. ఆ చేతుల ముందుకి తల వంచి, కొలుస్తుందని కదలకుండా ఉండిపోయింది.