సింహాసనానికి అడ్డొచ్చిన బర్రె

ఆ రోజుల్లో నేను రెండు చోట్ల కాపురం ఉండేవాణ్ణి. ఒకటి గౌలిపురలో మా ఇల్లు. ముందు రెండు గదుల్లో మేము, వెనక కొట్టంలో పదకొండు బర్రెలు. రెండోది ఒక సినిమాలోని రాజ్యం. మూడు భాగాలుగా వచ్చిన జానపద సినిమా అది. ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే డిగ్రీ రెండో ఏడు అని చెప్పేవాణ్ణి గానీ నిజంగా చదివింది ఆ సినిమానే. మొదటి భాగం పద్నాలుగు సార్లు, రెండోది పదకొండు సార్లు, మూడోది (మధ్యలో పరీక్షలు అడ్డొచ్చి) ఎనిమిది సార్లు చూశాను. రాకుమారుడి కత్తిపిడి మీద రాళ్లెన్నో, మాంత్రికుడి గుహకు మెట్లెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కొట్టం గోడ మీద సుద్దముక్కతో ఆ రాజ్యం పటం కూడా గీశాను. ఉత్తరాన పర్వతాలున్న చోట ఎవరో పిడకలు కొట్టడంతో సగం రాజ్యం కనబడకుండా పోయింది. (ఎవరినీ ఏమీ అనడానికి లేదు, కొట్టింది మా అమ్మ.)

ఆ సినిమాలో నాకు ప్రాణం రాకుమారుడు కాదు, మాంత్రికుడి వాహనం. దాని పేరు కాలమేఘం. పాతాళంలో పుట్టిన దున్నపోతు, ఏడు ఏనుగుల బలం, ముక్కు రంధ్రాల్లోంచి పొగ. తెర మీద ఎప్పుడు కనిపించినా నడుము దాకా ఆ పొగలోనే ఉంటుంది. నా మంచం పైన గోడకు దాని పోస్టరు. పొద్దున లేవగానే దాని మొహం చూసి, తర్వాతే మా బర్రెల మొహం చూసేవాణ్ణి. తేడా ఏముందని మా అమ్మ అడిగేది.

ఇలా ఉండగా ఊరవతల ఉన్న ఒక స్టూడియోవాళ్లు ఆ సినిమా సెట్లు కూలగొట్టకుండా ఉంచి, టికెట్టు పెట్టి జనాలకు చూపిస్తున్నారని తెలిసింది. బాపుని (మా నాన్నని) అడిగాను. ఇంట్లో ఇన్ని బర్రెలుండంగా టికెట్టు కొని దున్నపోతును చూసేవాణ్ణి నిన్నే చూస్తున్నానని ఆయన పాల క్యాన్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నేను అలిగాను. రెండు రోజులు పెరుగన్నం ముట్టలేదు. పాలమ్ముకునే ఇంట్లో పెరుగు మానేయడమంటే సమ్మె కిందే లెక్క. మూడో రోజు మా పెద్దబాపు, అంటే బాపుకి అన్న, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ "పోరడు ఫికర్ వెట్టుకుండు. నేను తోల్కపోతతీయ్" అన్నాడు. ఇల్లంతా నోరు తెరిచింది. ఎందుకంటే పెద్దబాపు ముప్పై ఏళ్లలో ఒక్క సాయంత్రం కూడా పాలు పిండడం మానలేదు. పెళ్లిళ్లకు పోయినా అక్షింతలు వేసి, అన్నం తినకుండా తిరిగొచ్చేవాడు. కొట్టంలో పెద్ద బర్రె ఆయన చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. అలాంటి మనిషి ఆ పూట పిండే పని పక్కింటాయనకు అప్పజెప్పి నాతో బయల్దేరాడు.

నా ఏర్పాట్లు నేనూ చేసుకున్నాను. శాలిబండలో ఇత్తడి పనిచేసే ఒక భాయ్‌ని బతిమాలి, ఆ రాజ్యం గుర్తు, మూడు కొమ్ముల లేడి, బెల్టుకు బిళ్లగా చేయించుకున్నాను. ఆ భాయ్ అభిమానం కొద్దీ ఇత్తడి కాస్త ఎక్కువే వాడాడు. అది నడుముకు కట్టుకుంటే ముందుకు వంగి నడవాల్సి వచ్చేది. స్టూడియో గేటు దగ్గర ఆ బిళ్లకు యంత్రం కూతపెట్టింది. "యే క్యా హై?" అన్నాడు కాపలాదారు. రాజముద్ర అన్నాను. కొమ్ములు గుచ్చుకునేలా ఉన్నాయి, రాజముద్ర ఇక్కడ పెట్టి పొయ్యేటప్పుడు తీసుకొమ్మని బెల్టుతో సహా లాక్కున్నాడు. మా పెద్దన్నయ్య వదులు ప్యాంటు వేసుకొచ్చిన పాపానికి, ఆ రోజంతా దాన్ని ఎడమ చేత్తో పట్టుకునే నా అభిమాన రాజ్యంలో తిరిగాను.

లోపల మమ్మల్నందరినీ ఒక బస్సెక్కించారు. నల్లద్దాలు పెట్టుకున్న గైడు మైకులో ఒక సంగతి చెప్పాడు. ఆఖరున సింహాసనం ఉన్న సభామండపం వస్తుంది. తాడు అవతల నిలబడి అందరూ చూడొచ్చు గానీ, బస్సుకి ఒక్కరికే దాని మీద కూర్చుని ఫొటో దిగే భాగ్యం. దారిపొడుగునా ప్రశ్నలు అడుగుతాడు, ఎక్కువ చెప్పినవాళ్లే ఆ ఒక్కరు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, బస్సు ఇంజనేమో అనుకున్నాను. ఆ సింహాసనం మీద ఒక్క ఫొటో ఉంటే చాలు, ఇంక నాకు డిగ్రీ కూడా అక్కర్లేదు అని అప్పుడు నిజంగానే అనుకున్నాను.

కోట గోడల దగ్గర, గుహ దగ్గర, అంతఃపురం దగ్గర గైడు అడగడం, నేను కుడిచెయ్యెత్తడం. (ఎడమ చెయ్యి పనిలో ఉంది కదా.) నాకు పోటీగా ఒకతను తయారయ్యాడు, రాకుమారుడి వేషంలో, కిరీటంతో సహా వచ్చినవాడు. నాకు ఐదు, అతనికి ఐదు. పెద్దబాపు మాత్రం అవేమీ పట్టించుకోలేదు. కోట గోడను వేలితో కొట్టి చూసి లోపల డొల్ల అన్నాడు. టీ కొట్టు దగ్గర ఒక గుక్క తాగి, పాలలో నీళ్లా నీళ్లలో పాలా అని కొట్టువాణ్ణి నెమ్మదిగా అడిగాడు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. ఈయన మా వాడే అని ఎవరికీ తెలియకుండా రెండడుగులు ముందు నడవడం మొదలుపెట్టాను.

సభామండపం గుమ్మం పక్కనే, తాడు వెనక ఉంది కాలమేఘం, సినిమాలో వాడిన బొమ్మే. పోస్టరులో కంటే రెండింతలు. నల్లగా, నిగనిగలాడుతూ, కొమ్ములు వెనక్కి తిరిగి. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. గైడు ఇదే ఆఖరి ప్రశ్న అన్నాడు. ఈ దున్నపోతు ఎక్కడ పుట్టింది, మాంత్రికుడికి ఎలా దక్కింది, కథంతా చెప్పాలి. నా చెయ్యి ముందు లేచింది. పాతాళంలో అమావాస్య నాడు ఏడు పడగల పాము కాపలాలో పుట్టిన దున్నపోతు అంటూ నేను అందుకున్నాను. మాంత్రికుడు పాముని నిద్రపుచ్చే చోటికి వచ్చేసరికి జనం నన్ను కాకుండా నా వెనక్కి చూస్తున్నారని అర్థమైంది. తిరిగి చూశాను. పెద్దబాపు తాడు దాటి లోపలికి పోయి, కాలమేఘం వీపు మీద ఒక చెయ్యి వేసి, వంగి కింద చూస్తున్నాడు. సంతలో ఎలా చూస్తాడో అలాగే.

"గిది దున్నపోతు గాదు బిడ్డా. బర్రె," అన్నాడు, చాలా మామూలుగా. "పొదుగు సూడు. దీన్ని జేసినోడెవడో గని మస్తు పనిమంతుడు. బర్రెల నడుమ పుట్టినోడే అయ్యుంటడు. మూడో ఈత బర్రె, పూటకు ఐదు లీటర్లకు తక్కువియ్యది."

బస్సు మొత్తం వంగింది. ముసలివాళ్లు, పిల్లలు, కిరీటం జారకుండా పట్టుకుని మా రాకుమారుడూ వంగారు. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వేశారు. నేనూ వంగి చూశాను. నాలుగు చన్నులు. వెనకవి రెండూ ముందువాటి కంటే కాస్త పెద్దవి, మా కొట్టంలో పెద్ద బర్రెకు ఉన్నట్టే. ముప్పై మూడుసార్లు సినిమా చూసి, రోజూ పోస్టరుకి దండం పెట్టిన నాకు ఆ పొగ కింద ఏముందో చూడాలనే తోచలేదు. గైడు మొహం మాడిపోయింది. నల్లద్దాలు తీసి నన్ను పిలిచాడు. మీ పెద్దాయన బర్రె అంటున్నాడు, బర్రె అయితే మీరు చెప్పిన కథ తప్పు, అవకాశం అవతలి బాబుకి పోతుంది, మీరే తేల్చి చెప్పండి, ఇది ఏంటి అన్నాడు.

గుమ్మంలోంచి సింహాసనం కనిపిస్తోంది, బంగారు రంగు సింహాలు రెండూ నావైపే చూస్తున్నాయి. పుట్టినప్పటి నుంచీ బర్రెల మధ్య పెరిగిన గౌలిపుర పిల్లవాణ్ణి నేను. నాలుగు చన్నులు ఎదురుగా వేలాడుతున్నాయి.

"దున్నపోతే సార్," అన్నాను. "మా పెద్దబాపుకు గివన్నీ తెల్వవు."

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడని సామెత. అది ఎవరి మీద పుట్టిందో తెలియదు గానీ, ఆ రోజు నా మీద సరిగ్గా సరిపోయింది. పెద్దబాపు నన్ను ఒక్కసారి చూశాడు. వీపు మీద నుంచి చెయ్యి తీసేసి, తాడు ఇవతలికి వచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

సింహాసనం ఎక్కాను. చెక్కకు రంగేసి, మీద దూది దిండు పెట్టారు. కూర్చోగానే కిర్రుమంది. ఫొటో తీసిపెట్టింది ఓడిపోయిన రాకుమారుడే, పాపం మంచివాడు, తన కిరీటం కూడా నాకు పెట్టాడు. అది చెవుల దాకా దిగింది. ఒక చెయ్యి సింహం తల మీద, ఒక చెయ్యి ప్యాంటు మీద. నవ్వు బాబూ అని గైడు రెండుసార్లు అన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, అందులో ఆముదం తాగిన మహారాజులా ఉంటాను.

తిరుగు ప్రయాణంలో రెండు బస్సులు మారాం. పెద్దబాపు తిడతాడేమో, కనీసం ఎత్తిపొడుస్తాడేమో అని ఎదురుచూశాను. ఆయన ఆకలైతుందా అని అడిగి మిర్చీలు కొనిపెట్టాడు. తిట్టుంటే బాగుండేది. ఇంటికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. పక్కింటాయన వాకిట్లోనే నిలబడి, పెద్ద బర్రె కాలు ఎత్తి తన్నిందే తప్ప చుక్క పాలు చేపలేదని చెప్పాడు. పెద్దబాపు చొక్కా విప్పుతూనే మావాళ్లందరికీ గర్వంగా చెప్పుకున్నాడు, బస్సునిండా మందిలో మనోడొక్కడే గద్దె మీద కూసుండు అని. దున్నపోతు ఊసే ఎత్తలేదు. బకెట్టు పట్టుకుని కొట్టంలోకి పోతూ నన్ను రమ్మన్నాడు. బర్రె పక్కన కూర్చుని, పొదుగు కడిగి, నావైపు తిరక్కుండానే అడిగాడు.

"నీకు కనవడలేదా? కనవడి గూడ గట్ల అన్నవా?"

ఇంతకంటే మెత్తగా ఎవరూ నన్ను ఇరికించలేదు. కనబడలేదంటే నా పుట్టుకకే అప్రతిష్ఠ. కనబడిందంటే మనిషిగానే పనికిరాను. ఆలోచించి, నాకు సులువుగా తోచింది చెప్పాను. కనబడలేదు పెద్దబాపూ అన్నాను. ఆయన కాసేపు పాలు పిండాడు. బకెట్టులో నురగ పైకి లేస్తోంది. తర్వాత, అయితే అది నా తప్పే, ఇంట్లో పిల్లగానికి బర్రెకూ దున్నకూ తేడా నేర్పలేదు, రేపటి నుంచి నాతోపాటు లేవమన్నాడు.

ఏడాది లేచాను. చలికాలం, వానాకాలం, పరీక్షల కాలం అని లేకుండా, తెల్లారుజామున నాలుగింటికి దుప్పటి లాగేసేవాడు. మొదటి వారమంతా ఒకటే పాఠం. పదకొండు బర్రెల దగ్గరికీ తీసుకుపోయి, గిదేంది అని అడగడం, బర్రె అని నేను చెప్పడం, ఎట్ల తెల్సింది అని అడగడం, పొదుగుంది అని నేను చెప్పడం. శభాష్ అనేవాడు, మొహంలో నవ్వు జాడైనా లేకుండా. పాలు పోయించుకునేవాళ్లు వచ్చి, పోరడు పనిలో పడ్డాడే అంటే, నేర్చుకుంటుండు, కొంచెం కనవడది మావోనికి అని చెప్పేవాడు. పోస్టరు ఎప్పుడు చిరిగిపోయిందో కూడా గుర్తులేదు. ఆ ఏడాది చివరికి పెద్ద బర్రె నా చేతికీ చేపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నాది కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. కొట్టంలో మూడు బర్రెలే మిగిలాయి, అవి పెద్దబాపు సంతోషం కోసం. పోయిన నెల ఒక ఆదివారం ఆయన పాలు పిండుతుంటే పక్కన కూర్చుని, ఇన్నేళ్లకు నోరు విప్పాను. ఆ రోజు కనబడింది పెద్దబాపూ, నాలుగూ కనబడ్డాయి, గద్దె మీద ఆశకొద్దీ అట్లా అన్నాను అని చెప్పాను. ఆయన చెయ్యి ఆగలేదు.

"ఎరికేరా. మనింట్ల పుట్టినోనికి గది కనవడకుంటదా? ఇయ్యాల జెప్తవ్, రేపు జెప్తవ్ అని రోజు లేపిన. జెప్పిన నాడు పండుకోమందామనుకున్న. నువ్వు జెప్పకపోతివి," అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నా నవ్వు మధ్యలో ఎక్కడో తడబడింది. సింహాసనం మీద ఒంటి చేత్తో ప్యాంటు పట్టుకుని కూర్చున్న ఆ పోరగాడు గుర్తొచ్చాడు. ఏడాది పొడుగునా నాలుగింటికి లేవడం కంటే ఆ ఒక్క మాట చెప్పడమే వాడికి కష్టమనిపించింది. పంతొమ్మిదేళ్లవాడు కదా.