శుక్రవారం తోముడు

మెదక్‌లో కళాయి అస్గర్ చెయ్యి పడితే మసిబట్టిన గిన్నె కూడా వెండిలా తళతళలాడుతుందని పేరు. ఆ చెయ్యే ఆయన కొంప ముంచింది.

కూతురు సాబెరాకు మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కాలికి ఊతంగా దవాఖానాలో ఇచ్చిన ఇనుప పట్టీ కట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేది. "బరువైతుంది అబ్బా" అని తండ్రి దగ్గర ఏడ్చేది. పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు, 1964లో, అస్గర్ హైదరాబాదు పాత సామాన్ల బజారు నుంచి విమానం తాలూకు మందపాటి అల్యూమినియం రేకు ఒకటి తెచ్చాడు. గట్టిదనంలో ఇనుముకు తీసిపోదు, బరువు మూడో వంతే. రాగిని కాల్చి వంచడం అలవాటైన చెయ్యి కదా, దాన్నీ కొలిమిలో కాల్చి వంచి పట్టీ చేశాడు. అది కట్టుకుని సాబెరా వీధి చివరిదాకా తోడు లేకుండా నడిచింది. "హవాయి జహాజు కాలు" అని తన కాలికి విమానం పేరే పెట్టుకుని మస్తు మురిసింది.

ప్రతి శుక్రవారం నమాజుకు ముందు అస్గర్ ఆ పట్టీని చింతపండు, ఉప్పు వేసి తోమేవాడు. ఇత్తడికి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదనుకున్నాడు పిచ్చి తండ్రి. ఏడాదిన్నర తర్వాత బడి మెట్లు దిగుతుంటే పట్టీ పుటుక్కున విరిగింది. సాబెరా పడింది, తుంటి ఎముక విరిగింది.

హైదరాబాదులో లోహాలు పరీక్షించే ల్యాబులో పనిచేసే కరుణాకర్, సెలవులకు చర్చి దగ్గరి తన ఇంటికి వచ్చినప్పుడు, ఆ విరిగిన ముక్కను భూతద్దంతో చూశాడు. పైన మెరుపు, లోపల పొరలు పొరలుగా ఊడిన బూడిద.

"ఇందుల రాగి కలిసి ఉంటది అస్గర్ భాయ్. లోపలంత గింజల్లెక్క సన్న రవ్వలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటయి. కొలిమిల కాలిస్తే ఆ అతుకుల కాడ బలం తప్పుతది. గా సందులకే ఏదో ఉప్పు, పులుపు దిగి లోపల తిన్నది. దేనితోని తోమిండ్రు? ఎవరు తోమిండ్రు?"

"నేనే సార్. ప్రతి జుమ్మాకు" అన్నాడు అస్గర్.

ఊరందరి గిన్నెలు బాగుచేసిన చెయ్యి సొంత బిడ్డ కాలిని వారం వారం కొరుక్కు తిన్నది. ఆ మాట తలుచుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

నాలుగు నెలలకు సాబెరా మంచం దిగింది, మళ్లీ ఇనుప పట్టీతోనే. శుక్రవారం పొద్దున మెల్లగా వచ్చి తండ్రి ముందు కాలు చాపింది. చేతిలో నానబెట్టిన చింతపండు, ఉప్పు ఉన్న గిన్నె.

"దీన్ని గూడ తోముండ్రి అబ్బా. మీరు తోమితేనే నాకు ధైర్యం."

తన తోముడుకే ఆ పట్టీ విరిగిందని చెప్పేద్దామనుకున్నాడు. గిన్నె పక్కకు జరిపి, నూనె గుడ్డ తీసుకుని తల ఎత్తకుండా తుడవసాగాడు.

"చింతపండు మర్చిపోయిండ్రు" అన్నది సాబెరా, గిన్నెను మళ్లీ ఆయన చేతి దగ్గరికి జరుపుతూ.