మా అమ్మాయి బరువు

మా వదినగారు మంచి మనిషే. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ఓపిక నాకుంటుందో ఉండదో. ఆవిడ మా ఆయనకు అక్క. తమ్ముడికి నడుము ఆపరేషన్ అయిందని కాకినాడ నుంచి వచ్చి, తార్నాకలో మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. ఊరికి వెళ్లే ముందు రోజు అందరం భోజనాలకు కూర్చున్నాం. మా అమ్మాయికి నేను మారు వడ్డిస్తుంటే ఆవిడ చూస్తూ చూస్తూ అంది.

"చూడమ్మా, నా మాట విని దానికి రాత్రిపూట అన్నం తగ్గించు. ఇంకా బరువెక్కితే రేపు మోసేదెవరు? వాడి నడుమా ఇలా అయిపోయింది. నువ్వు చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు."

మా అమ్మాయి అక్కడే ఉంది. ఏడో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే కాళ్లు స్వాధీనంలో లేవు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మాట కాస్త నిదానంగా వస్తుంది గానీ బుర్ర మాత్రం మా ఇద్దరికంటే చురుకు. దానికి వినపడదనుకుందో, అర్థం కాదనుకుందో ఆవిడ!

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే ఏమంటారు వదినగారూ, నా కూతురు ఎదగకూడదా? అది తింటుంది, పెరుగుతుంది. మోసేదాన్ని నేనున్నాను. మీకెందుకు బెంగ?" అన్నాను. ఆవిడ చూస్తుండగానే పిల్ల కంచంలో ఇంకో చెంచా నెయ్యి వేశాను. మా ఆయన తల వంచుకుని మజ్జిగ కలుపుకున్నాడు.

రోషంతో అనేశాను గానీ, ఆవిడ అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేని పాత బిల్డింగు. లిఫ్టు పెట్టించడం గురించి అపార్టుమెంటు వాళ్లు మీటింగుల మీద మీటింగులు పెడుతూనే ఉన్నారు, టీలు తాగుతూనే ఉన్నారు. పిల్ల చక్రాల కుర్చీ కింద మెట్ల పక్కనే ఉంటుంది. పొద్దున పిల్లను ఎత్తుకుని కిందికి దించితే స్కూలు ఆటో ఎక్కుతుంది. అన్నేళ్లూ ఆ పని ఆయనది. ఆపరేషన్ తర్వాత బకెట్ నీళ్లు కూడా ఎత్తడానికి వీల్లేదన్నాడు డాక్టరు. ఆ పని నా మీద పడింది.

నేను ఎత్తుకున్న మొదటి రోజే మొదటి అంతస్తు మలుపులో నా మోకాళ్లు వణికాయి. గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. "అమ్మా, పడేస్తావా?" అంది నా మెడ పట్టుకుని. "ఛ, నోట్లోంచి మంచి మాట రాదేమే?" అని కసిరాను. నిజానికి నా భయమూ అదే. ఏదో ఒక రోజు నేను దీన్ని ఎత్తలేను. ఆ రోజుతో దీని బడి అయిపోతుంది, కిటికీ పక్కన మంచమే దీని లోకం అయిపోతుంది. ఆ భయంతో నాకు నిద్ర పట్టేది కాదు.

నేను యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఒక మధ్యాహ్నం జవాబు పత్రాల కట్టను నేల మీంచి ఎత్తబోయి, నడుము కలుక్కుమని అలాగే వంగి ఉండిపోయాను. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. వ్యాయామ విద్యలో పీజీ చేస్తోంది, మెమో కోసం వచ్చింది. అంతకు ముందే "లంచ్ టైం, తర్వాత రా" అని ఆ పిల్లను విసుక్కున్నాను కూడా. అదేమీ మనసులో పెట్టుకోకుండా లోపలికి వచ్చేసింది.

"గట్ల వంగితే నడుం పోతది మేడం. జరుగుండ్రి, నేను పెడత" అని కట్టను పువ్వులా ఎత్తి బల్ల మీద పెట్టింది.

సిగ్గు వదిలేసి ఆ పిల్లకు మా ఇంటి సంగతంతా చెప్పాను. నాకు నేర్పుతావా అని అడిగాను. "నేర్పుత మేడం. ముందుగాల రెండు కిలోల డంబెల్స్ తెచ్చుకోండ్రి. చాలు" అంది.

"రెండు కిలోలా? నా హ్యాండ్‌బ్యాగే అంతకంటే బరువుంటుందమ్మా!"

"హ్యాండ్‌బ్యాగు భుజానికి ఊగుతది మేడం. మీరు దాన్ని లేపుతలేరు కదా" అని నవ్వింది.

సాయంత్రం ఆఫీసు అయ్యాక, హాస్టల్ వెనక చెట్ల కింద సిమెంటు బెంచీ దగ్గర మా పాఠాలు మొదలయ్యాయి. చున్నీని నడుముకు బిగించి, ఊదారంగు డంబెల్స్ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. అవి చూడటానికి పిల్లల ఆటవస్తువుల్లా ఉంటాయి. మోచేతులు మడిచి పైకి లేపడం పెద్ద కష్టం కాలేదు. "ధడేల్మని దించొద్దు మేడం, దించేటప్పుడే అసలు పని ఉన్నది. నిమ్మళంగా" అంది. నిమ్మళంగా దించేసరికి ప్రాణం పోయింది. ఊపిరి బిగబట్టేదాన్ని, తిట్టేది. మణికట్టు వాలిపోయేది, సరిచేసేది. ఒక డంబెల్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, వెనక కుర్చీ ఉందనుకుని కూర్చుని లేవమంది. వెనక్కి పడిపోతానని కేకపెట్టాను. వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన ఒకాయన ఆగి మరీ చూసి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా అన్నాడు. మీ దారిన మీరు నడవండి సార్ అన్నాను.

మర్నాడు జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవలేదు. మెట్లు దిగుతుంటే తొడలు చీరుకుపోతున్నాయి. ఆ వంటితోనే పిల్లను మోశాను. "ఏం పహిల్వాన్ సాబ్, ఎట్లుంది ఒళ్లు?" అని మా ఆయన ఆటపట్టించాడు. ఆ నవ్వు వెనక ఆయన పడే బాధ నాకు తెలుసు. తన పని నేను చేస్తున్నందుకు ఆయనకు మొహం చెల్లేది కాదు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు మా అమ్మాయే నాకు మాస్టారు. సోఫాలో కూర్చుని లెక్కపెట్టేది. "అమ్మా, మోకాళ్లు లోపలికి పోతున్నాయి... అమ్మా, దొంగలెక్క!" అని అరిచేది. అంత సందడిగా దాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

కొన్ని వారాలకు తేడా తెలిసింది. మోకాళ్లు వణకడం మానేశాయి. తర్వాత ఒక రోజు మలుపులో ఆగకుండా కిందిదాకా దిగిపోయాను. నా సంతోషం పట్టలేక, "చూశావుటే, ఎంత తేలిగ్గా ఎత్తేశానో! దూదిపింజలా ఉన్నావు!" అన్నాను. అది కిలకిలా నవ్వింది. ఇంక అప్పటినుంచి రోజూ అదే పాట. నిన్నటికంటే ఇవాళ తేలిగ్గా ఉన్నావు, ఇవాళ అసలు బరువే తెలియలేదు అని. ఆఫీసులో చెప్పాను, పక్క ఫ్లాటావిడకు చెప్పాను. కాకినాడకు ఫోన్ చేసి మరీ వదినగారికి చెప్పాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. డంబెల్స్ కూడా మూడు కిలోలవి కొన్నాను.

ఆ తర్వాత పిల్లను లాలాపేట్‌లో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. నిలబడలేని పిల్లల్ని అక్కడ ఎలా తూస్తారంటే, తల్లి పిల్లను ఎత్తుకుని మిషన్ ఎక్కాలి. తర్వాత తల్లి ఒక్కతే ఎక్కాలి. మొత్తంలోంచి తల్లి బరువు తీసేస్తే మిగిలింది పిల్లది. నేను గర్వంగా ఎత్తుకుని ఎక్కాను. దించి, ఒక్కదాన్నే ఎక్కాను. ఫిజియో మేడం కార్డు చూసింది, మళ్లీ ఎక్కమంది. మళ్లీ చూసింది.

"పాప చాలా తగ్గిందేంటండీ? పోయినసారి కంటే మూడు కిలోల పైనే తక్కువుంది. పెరిగే వయసు కదా, సరిగ్గా తింటోందా?"

తింటోందనే అన్నాను. అంటుండగానే నాకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. పొద్దున "ఆటో వచ్చేస్తుందమ్మా, వద్దు" అనడం. సాయంత్రం "స్కూల్లో ఫుల్లుగా తిన్నా" అనడం. రాత్రి కంచంలో అన్నాన్ని అటూ ఇటూ నెట్టడం. బడికి పంపే లంచ్ డబ్బా మాత్రం రోజూ ఖాళీగా వచ్చేది కదా! నా చేతులకు బలం వచ్చిందని ఊరంతా చాటుకున్నాను. ఎంత బలం వచ్చిందో దేవుడికే తెలియాలి, నా పిల్ల మాత్రం తరిగిపోయింది.

 ఇంటి దగ్గర ఆటో దిగాక దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెట్ల దగ్గరే నిలదీశాను. "డబ్బాలో అన్నం ఏం చేస్తున్నావే?"

"ఫ్రెండ్స్‌కి పెట్టేస్తున్నా. వాళ్లకి నీ పులిహోర చాలా ఇష్టం."

"ఎందుకే? అత్త అన్న మాట పట్టుకున్నావా?"

అది నా వంక వింతగా చూసింది. ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "అత్త ఒక్కసారే అన్నది. నువ్వు రోజూ అంటావు కదా, తేలిగ్గా ఉన్నానని. నీకు ఎంత హ్యాపీనో! నీ ఎక్సర్‌సైజ్ నువ్వు చేస్తున్నావు, నాది నేను చేస్తున్నా."

 ఆ మెట్టు మీదే కూలబడి, దాని ఒళ్లో తల పెట్టి భోరున ఏడ్చాను. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేదు. కాకినాడకు ఫోన్ చేసి నాలుగు దులపాలన్నంత కోపం వచ్చింది, కానీ ఏమని దులుపుతాను? "ఏడవకమ్మా, తింటాలే" అని అది నా తల నిమిరింది. ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. తెల్లారాక, ఈ ఫ్లాటు అద్దెకిచ్చేసి వారాసిగూడలోనో బౌద్ధనగర్‌లోనో కింది అంతస్తులో ఇల్లు చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాం.

డంబెల్స్ మానలేదు. ఎలా మానతాను? ఇప్పుడు పొద్దున పిల్ల నా ఎదురుగా కూర్చుని తింటుంది. నేను కంచం వంక చూస్తే, "అలా చూస్తే మింగుడుపడదమ్మా" అంటుంది. చూడకపోతే నాకు భయం. డబ్బాలో అన్నం ఎవరు తింటున్నారో చూడటానికి నేను బడిలో కూర్చోలేను కదా.

మొన్న సోమవారం దాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతున్నాను. మలుపు దగ్గర ఆయాసమొచ్చి ఆగాను. చెవి దగ్గర మెల్లగా అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. బరువున్నానా?"

 ఉన్నావంటే తిండి మానేస్తుంది. లేవంటే, మానేసినందుకు ఫలితం దక్కిందనుకుంటుంది. నా బిడ్డకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట కూడా మిగల్లేదు.

"నోరు మూసుకుని గట్టిగా మెడ పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. మిగతా మెట్లు దిగాం.